తాయారు కుట్టిన చిలుక

కంటికి నచ్చిన వస్తువు ఎవరిదైనా సరే, అడగకుండా తీసేసుకునే జోగినాథం అనే చిత్రకారుడు పెడనలో ఉండేవాడు.

అతను బొగ్గుతో బొమ్మ గీసేవాడు. దాన్ని టేకు చెక్క మీద చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చు వేసేవాడు. అక్కడితో ఆగేవాడు కాదు. అచ్చు మీద కొబ్బరి పీచు, చేప పొలుసులు, పాత గుడ్డపేలికలు అతికించి కొత్త కొత్త ప్రయోగాలు చేసేవాడు. ఆ సరుకంతా ఇరుగుపొరుగు పెరళ్లలోంచే వచ్చేది. ఒకసారి పక్కింటి దండెం మీది కండువా అంచు కత్తిరించుకుపోయాడు. వాళ్లు నిలదీస్తే, బొమ్మలోకెక్కి ఆ గుడ్డ జన్మ తరించిందని నవ్వేశాడు.

ఆ వీధి చివర నాంచారమ్మ అనే ముసలావిడ ఒంటరిగా ఉండేది. ఒక్కగానొక్క కూతురు తాయారు పంతొమ్మిదో ఏట విషజ్వరంతో పోయింది. ఒక ఏడు గాలివానకు నాంచారమ్మ ఇంటికప్పు లేచిపోయింది. అది బాగయ్యేదాకా గూడూరులో చెల్లెలి పంచన ఉందామని బయలుదేరింది. చెల్లెలిదీ వానకు కారే పూరిల్లే. ఆ వీధిలో వానకు కారని ఇల్లు జోగినాథందొక్కటే. అందుకని ఒక రేకుపెట్టె తెచ్చి అతనింట్లో పెట్టింది.

"ఇందులో మా తాయారు గుడ్డలున్నాయి నాయనా. చెమ్మ తగలకుండా చూడు, అంతే చాలు," అంది.

అలాగేనన్నాడు.

అప్పుడతను విజయవాడలో ప్రదర్శనకు పెద్ద అచ్చు ఒకటి సిద్ధం చేస్తున్నాడు. కిటికీ దగ్గర కూర్చున్న ఆడమనిషి బొమ్మ. ఎన్నిసార్లు వేసినా ఏదో వెలితిగానే ఉంది. ఏవేవో అతికించాడు, పీకేశాడు. నాలుగోరోజు మధ్యాహ్నం రేకుపెట్టె తెరిచాడు. అడుగున ఒక రవికగుడ్డ, దాని మీద పచ్చదారంతో కుట్టిన చిలుక కనిపించాయి. ఒక రెక్కే పూర్తయింది. రెండో రెక్క దగ్గర సూది అలాగే గుచ్చి ఉంది.

జోగినాథం చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ముసలామెకు చూపే ఆనదు, ఇంత ముక్క పోతే ఏం తెలుస్తుందిలే అనుకున్నాడు. సూది లాగి పారేశాడు. చిలుకను కత్తిరించి, జిగురుతో అతికించి, దాని మీదుగా నల్లసిరా అచ్చు దింపాడు.

ప్రదర్శనలో చూసినవాళ్లంతా ఆ చిలుక దగ్గరే ఆగిపోయారు. మొదటి బహుమతి వచ్చింది.

రెండు నెలలకు నాంచారమ్మ తిరిగొచ్చింది. పెట్టె తెరిచి, రవికగుడ్డ ఒళ్లో పరుచుకుని తడుముకుంది. వేళ్లు చిల్లులోంచి అవతలికి వచ్చాయి. ఆమె అరవలేదు. చూపు మందగించిన నాటినుంచీ, ఈ రెండు నెలలు తప్ప, రోజూ ఆ కుట్లు తడుముకునే పొద్దు గడుపుతున్నానని మాత్రం చెప్పింది.

జోగినాథం తడబడుతూ, వందలమంది చూసి మెచ్చుకున్నారన్నాడు. తనకూ చూపించమంది. అతను ఆమె చెయ్యి పట్టుకుని గోడకున్న బొమ్మ మీద పెట్టాడు. జిగురుకూ సిరాకూ దారాలు చెట్టుబెరడులా బిగుసుకుపోయి ఉన్నాయి. చాలాసేపు తడిమింది.

"దీని మీద మా పిల్ల చెయ్యి లేదు నాయనా. నీ చెయ్యే ఉంది," అంది.

అతను గబగబా చిలుక ముక్కను ఊడదీసి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాడు. పాత దారాలు పోగుపోగుగా విడిపోయాయి. గిన్నెలో నల్లటి ముద్ద మిగిలింది. అలాంటిదే మరొకటి కుట్టిస్తానన్నాడు. నాంచారమ్మ చిల్లుపడ్డ గుడ్డను మడిచి పెట్టెలో పెట్టుకుని గూడూరు వెళ్లిపోయింది.

క్షమించమని అడగడానికి అతను రెండుసార్లు అక్కడికి వెళ్లాడు. ఆమె మంచినీళ్లిచ్చింది, మాట్లాడలేదు. మూడోసారి వెళ్లేసరికి ఆమె పోయి పదిరోజులైంది.

ఆ తర్వాత జోగినాథం గడ్డిపరకనైనా అడగకుండా ముట్టుకోలేదు. కాని దానివల్ల నాంచారమ్మకు ఒరిగిందేమీ లేదు.

నీతి: అడగకుండా తీసుకున్నది ఎంత గొప్ప కళగా మారినా దొంగతనమే. వస్తువు పోతే తిరిగి ఇవ్వవచ్చు, ఒకరి జ్ఞాపకాన్ని పాడుచేస్తే తిరిగి ఇవ్వలేం.