రాగం లేని ఏడో ఎక్కం

ఏ రాజ్యమో అడక్కండి, ఒక దివాను బడికొచ్చి, "పిల్లలకి లెక్కలూ అక్షరాలూ చాలు, పాటలు దండగ. పాటల పంతులూ, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నాడు. పంతులు మొహం వాడిపోయింది.

బడి ఊడ్చే పోలమ్మ చీపురు పక్కన పెట్టింది. "చిత్తం దొరా! మరి రాగం తీయకుండా ఏడో ఎక్కం ఎలా చెప్పాలో పిల్లలకి తమరే చూపించండి."

"అదెంత పని? ఏడొకట్ల ఏడు. ఏడు రెళ్ళు పద్నాలుగు. ఏడు మూళ్ళు..." అక్కడ ఆగిపోయాడు దివాను. చివరికి కళ్ళు మూసుకుని, తల ఊపుతూ, చిన్నప్పటి రాగం అందుకున్నాడు. ఎంత చిత్రమో, ఎక్కమంతా గడగడా వచ్చేసింది!

కళ్ళు తెరిస్తే పిల్లలందరూ తలలూపుతున్నారు.

"ఎంత బాగా పాడారు దొరా! తమకి నేర్పిన పంతులెవరో?" అంది పోలమ్మ.

దివాను నవ్వాపుకోలేక పాటల పంతులు వైపు తిరిగాడు. "రేపు పెందలాడే రావయ్యా."