చక్రదంతుడి ఖాళీ గుంట

అనగా అనగా, పడవలకంటే సముద్రాలే ఎక్కువగా ఉన్న రోజుల్లో, మణిమంతపురాన్ని కీర్తిసేనుడనే రాజు ఏలుతుండేవాడు. రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఉదయసేనుడు, మహా తెగువ గలవాడు. రెండోవాడు మదనసేనుడు, మహా లెక్కల మనిషి. మూడోవాడు సోమసేనుడు. ఇతనికి తెగువా అంతంతే, లెక్కలూ అంతంతే. ఏ పనికి పిలిచినా ముందు కాసేపు చూస్తూ నిలబడతాడు. అలా నిలబడ్డం చూసి ఊళ్లోవాళ్లు "పాపం, మూడోవాడు కాస్త మందం" అనుకునేవాళ్లు.

ఒకసారి రాజుకి జబ్బు చేసింది. రాజవైద్యుడు నాడి పట్టి చూసి, "మూడేళ్లు గడుపుతారు మహారాజా. అంతకు మించి నా మందులవల్ల కాదు" అన్నాడు. తండ్రంటే ముగ్గురికీ ప్రాణమే. ముగ్గురికీ ఆ రోజు అన్నం సయించలేదు.

ఆ సమయంలో ఓడ దిగిన ఒక బేహారి ఓ మాట చెప్పాడు. ఏడు సముద్రాల అవతల చక్రదంతుడనే మాంత్రికుడున్నాడు. అతని దగ్గర ఒక చక్రం ఉంది. దాని మీద డబ్బు కాయరు, ఆయుష్షు కాస్తారు. గెలిచినవాడు గెలిచినన్నేళ్లు ఇంటికి పట్టుకుపోవచ్చు.

"నాన్నగారికి ముప్పై ఏళ్లు గెలుచుకొస్తాను!" అని పెద్దవాడు వెళ్లాడు. ఏడాది గడిచింది. రాలేదు.

"అన్నయ్యకి లెక్క తెలియదు. నేను వెళ్లి ఆయుష్షునీ తెస్తాను, అన్నయ్యనీ తెస్తాను" అని రెండోవాడు వెళ్లాడు. మరో ఏడాది గడిచింది. అతనూ రాలేదు.

మూడోవాడు బయల్దేరుతుంటే రాజు మంచం మీంచే చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు కూడానా?" అన్నాడు. "అన్నయ్యల్ని తీసుకొచ్చేస్తాను నాన్నగారూ" అని సోమసేనుడు ఆ చేతిని నెమ్మదిగా విడిపించుకున్నాడు. ఇద్దరికీ కళ్లనీళ్లు తిరిగాయి.

సముద్రపు ఒడ్డున జాలర్ల వలలో ఒక పెద్ద తాబేలు గిలగిల్లాడుతోంది. సోమసేనుడు కాసేపు చూస్తూ నిలబడి, చేతి ఉంగరం జాలర్లకిచ్చి దాన్ని విడిపించాడు. "పడవెక్కితే ఆరు నెలలు పడుతుంది నాయనా. నా వీపెక్కు, పదిహేను రోజుల్లో దింపేస్తాను" అంది తాబేలు. ఉప్పు సముద్రం దాటారు, పెరుగు సముద్రం దాటారు, పాల సముద్రం దాటారు. చెరకురసం సముద్రంలో మాత్రం తాబేలు కాస్త ఆలస్యం చేసింది. మీరైతే అసలు బయటికే వచ్చేవాళ్లు కాదు, నాకు తెలుసు.

పదహారో రోజు పొద్దున్నే దీవి చేరారు.

ఆ దీవిలో ఓడినవాళ్లకి చావు లేదు. ముసలితనం మాత్రం కావలసినంత ఉంది. ఒడ్డంతా నలభై మంది ముసలివాళ్లు కూర్చుని, ఇసకలో గీతలు గీస్తూ, చెరుపుతూ, ఒకళ్లతో ఒకళ్లు వాదించుకుంటున్నారు. "నా పద్ధతే గెలిచేది!" "నీ మొహం, నాది ఇంకొక్క తిప్పులో గెలిచేది!" వాళ్లలో ఎవరూ తమ సుఖం కోసం వచ్చినవాళ్లు కారు. ఒకడు భార్య కోసం, ఒకడు బిడ్డ కోసం, ఒకడు గురువు కోసం వచ్చి, ఉన్నదంతా పోగొట్టుకుని అలా మిగిలిపోయారు.

మండపం మధ్యలో చక్రం ఉంది. దాని అంచున పద్దెనిమిది ఎర్ర గుంటలు, పద్దెనిమిది నల్ల గుంటలు, ఏ రంగూ లేని గుంట ఒక్కటి. చక్రం తిప్పి బంగారు గోళీ వదులుతారు. ఎరుపు మీద కాస్తే ఎరుపులో పడాలి, నలుపు మీద కాస్తే నలుపులో పడాలి. పడితే కాసినంతా రెట్టింపై వస్తుంది. ఖాళీ గుంట మీద కాయడానికి వీల్లేదు. అందులో పడిందా, రెండు రంగుల పందేలూ చక్రం తిప్పేవాడివే. పక్కన కొయ్య మీద ఒక చిలక కూర్చుని, పడిన రంగు అరుస్తుంటుంది. వెనక వరసగా కుండలు ఉన్నాయి. ఎవరి ఆయుష్షు వాళ్ల కుండలో పొగలాగా తిరుగుతోంది.

మాంత్రికుల ప్రాణం చిలకలో ఉంటుందని సోమసేనుడికి చిన్నప్పుడు దాది చెప్పింది. అందుకని వెళ్లీ వెళ్లగానే చిలక మెడ పట్టుకున్నాడు.

"మెడ వదులు బాబూ! రాజకుమారులందరికీ ఇదేం పిచ్చి? ఇలాగే మా తాత పోయాడు, మా బాబాయి పోయాడు. ఆయనకి మాత్రం జలుబైనా చెయ్యలేదు!" అని చిలక గోలపెట్టింది.

సోమసేనుడు సిగ్గుపడి వదిలేసి, దాని ఈకలు సవరించాడు. అప్పటికే మాంత్రికుడు చేతులు జోడించి ఎదురొచ్చాడు. "దయచెయ్యి నాయనా. భోజనమైందా? ఇక్కడ మోసం లేదు, బలవంతం లేదు. తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. ఎవరెప్పుడు లేచి వెళ్లినా అడిగేవాడు లేడు. వచ్చిన అతిథి మూడు రోజులు ఊరికే కూర్చోవచ్చు. అది మా ఆనవాయితీ" అన్నాడు. ఆ మూడు రోజులూ ఊరికే కూర్చున్నవాడు అంతవరకు ఒక్కడూ లేడు. సోమసేనుడు కూర్చున్నాడు.

మొదటి రోజు పెద్దన్నయ్య కనబడ్డాడు. ఇరవై మూడేళ్లవాడు అరవై దాటిన ముసలివాడై ఉన్నాడు. సోమసేనుడు కాళ్ల మీద పడి ఏడ్చాడు.

"ఏడవకు తమ్ముడూ. నా పద్ధతిలో తప్పులేదు" అన్నాడు ఉదయసేనుడు. "ముందు ఒక నెల కాశాను. పోతే రెండు, పోతే నాలుగు, పోతే ఎనిమిది. ఎప్పుడో ఒకప్పుడు గెలవాలిగా? గెలిచినప్పుడు పోయిందంతా వచ్చి, పైన ఒక నెల మిగులుతుంది. అలా మూడేళ్లు మిగిల్చాను!"

"మరి ఏమైంది అన్నయ్యా?"

"ఒకరోజు వరసగా తొమ్మిదిసార్లు పోయింది. తొమ్మిదోసారి ఇరవయ్యొక్క ఏళ్లు కాయాల్సొచ్చింది. పదోసారి నలభై రెండేళ్లు కాయాలి, నా దగ్గరెక్కడివి? ఆ ఒక్కసారి కాయగలిగి ఉంటే..." అని ఇసకలో మళ్లీ గీత గీశాడు.

రెండో రోజు చిన్నన్నయ్య కనబడ్డాడు. జుట్టంతా ముగ్గుబుట్ట. "అన్నయ్యది మొండి ఆట. నేను ప్రతి తిప్పూ రాసుకున్నాను. ఎరుపు వరసగా ఆరుసార్లు పడిందనుకో, ఏడోసారి నలుపు పడాలిగా?" అన్నాడు మదనసేనుడు.

"పడిందా చిన్నన్నయ్యా?"

"సగంసార్లు పడింది."

"సగానికి కాస్త తక్కువే" అంది చిలక కొయ్య మీంచి. "నిన్న ఏం పడిందో చక్రానికి గుర్తుండదు బాబూ. నాకే గుర్తుండి చస్తోంది."

మూడో రోజు సోమసేనుడు చక్రం ముందు నిలబడి చూస్తూనే ఉన్నాడు. కొత్తగా పడవ దిగిన ఇద్దరు ఆడుతున్నారు. మండపం ఊడ్చే అవ్వ ఒకతె చీపురు ఆపి, అతని పక్కన నిలబడింది. ఆమె పేరు కువలయ. తల్లి కోసం వచ్చి ఓడిపోయిన రాకుమార్తె.

"ఏం చూస్తున్నావు నాయనా?" అంది.

"నువ్వు రోజూ ఏం చూస్తావు అవ్వా?"

"ఎరుపు పడితే ఎరుపు కాసినవాళ్లు నవ్వుతారు. నలుపు పడితే నలుపు కాసినవాళ్లు నవ్వుతారు. ఖాళీ పడితే ఎవరూ నవ్వరు. ఆయన ఒక్కడే లేచి కుండ మూత తీస్తాడు."

సోమసేనుడికి అప్పుడు తట్టింది. ఎరుపువాళ్ల ఏళ్లు పోతాయి, వస్తాయి. నలుపువాళ్ల ఏళ్లు పోతాయి, వస్తాయి. ముప్పై ఏడింట ఒక్కటి మాత్రం ఎప్పుడూ చక్రం తిప్పేవాడిదే. పెంచి కాసినా, తగ్గించి కాసినా, రాసుకుని కాసినా, ఆ గుంట పూడదు. మాంత్రికుడి ప్రాణం ఉన్నది అందులో.

నాలుగో రోజు సోమసేనుడు చక్రం దగ్గరికి వెళ్లి అడిగాడు. "మామా, మూడు వందల ఏళ్లుగా తిప్పుతున్నావట. ఒక్కసారైనా ఇటువైపు కూర్చుని ఆడావా?"

"నాకేం అవసరం?"

"ఆడటం రాదేమో."

ముసలివాళ్లంతా బోసినోళ్లతో పకపకా నవ్వారు. "ఆయనకేం వస్తుంది? గంటలో కుండలన్నీ ఖాళీ చేస్తాడు!" అన్నాడొకడు.

చక్రదంతుడి మొహం ఎర్రబడింది. ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. ఇతను మూడు వందల ఏళ్లు జూదగాళ్ల మధ్య కూర్చున్నాడు. వాళ్ల పద్ధతులన్నీ విన్నాడు, లోలోపల అన్నిటికంటే గొప్ప పద్ధతి ఒకటి కట్టుకున్నాడు. దాన్ని చూపించే అవకాశం లేక లోపలే కుళ్లుతున్నాడు పాపం.

"నాకు రాదా? లే, నువ్విటు రా!" అన్నాడు.

"వస్తాను. కానీ ఒక తిప్పుకి ఆరు నెలలకి మించి కాయకూడదు. నేనిచ్చేది నా ఆయుష్షులోంచి కదా, చిన్నవాణ్ణి."

"సరే పో!" అని మాంత్రికుడు చోటు మారాడు.

ఇక చక్రం తిప్పేవైపు సోమసేనుడు, పందెం కాసేవైపు చక్రదంతుడు. పిల్లలూ, ఇప్పుడు సోమసేనుడు టకటకా గెలిచేశాడనుకుంటున్నారేమో. లేదు. మొదటి వారం మాంత్రికుడే గెలిచాడు. చూస్తుండగానే సోమసేనుడి చెంపలు నెరిశాయి. ఇరవై ఏళ్లు పోయాయి. ఉదయసేనుడు పరుగెత్తుకొచ్చి, "తమ్ముడూ, లేచిపోదాం రారా!" అని భుజం పట్టుకుని గుంజాడు. సోమసేనుడు నెరిసిన చెంప ఒకసారి తడుముకున్నాడు. అయినా, "వారంలో ఏమైనా జరగొచ్చన్నయ్యా. ఆ గుంట మాత్రం ఎక్కడికీ పోదు" అని మళ్లీ తిప్పాడు.

రెండో వారం పోయిన ఏళ్లు తిరిగొచ్చాయి. నెల తిరిగేసరికి ఒక కుండ, తర్వాత రెండు, తర్వాత ఐదు ఇటు చేరాయి. మాంత్రికుడు రెట్టింపు కాస్తానన్నాడు. "ఆరు నెలలే మామా" అన్నాడు సోమసేనుడు. మాంత్రికుడు రంగులు రాసుకుని కాశాడు. కళ్లు మూసుకుని కాశాడు. చిలకని బతిమాలి కాశాడు. తలుపు తీసే ఉంది, ఒక్కసారి కూడా అటు చూడలేదు.

మూడో నెల చివర మాంత్రికుడి దగ్గర ఆఖరి ఆరు నెలలు మిగిలాయి. ఎండిన తుమ్మకొమ్మలా అయిపోయాడు. సోమసేనుడికి జాలేసింది. చక్రం ఆపాడు.

"మామా, లేచిపో. ఆ ఆరు నెలలూ నువ్వే ఉంచుకో. వెళ్లి హాయిగా ఎండలో కూర్చో."

మాంత్రికుడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నీ మనసు మంచిది నాయనా. కానీ ఎరుపు వరసగా ఐదుసార్లు పడింది, చూశావుగా? ఇప్పుడు నలుపు పడక తప్పదు. ఒక్కసారి తిప్పు."

చుట్టూ మూగిన నలభై మందీ తలలు వంచుకున్నారు. అది వాళ్లందరి మాటే. సోమసేనుడు తిప్పాడు. గోళీ చాలాసేపు తిరిగింది.

"ఎరుపు" అంది చిలక, మెల్లగా.

మూడు వందల ఏళ్లూ పరాయి ఆయుష్షుతోనే బతికిన చక్రదంతుడు ఉన్నచోటే పిడికెడు బూడిదయ్యాడు. కుండల మూతలు లేచాయి, ఎవరి ఏళ్లు వాళ్లని వెతుక్కుంటూ వెళ్లాయి. బోసినోళ్లలో పళ్లొచ్చాయి, వంగిన నడుములు లేచాయి. అవ్వ చేతిలో చీపురు అలాగే ఉంది, అవ్వ మాత్రం లేదు. ఆ చోట ఇరవై ఏళ్ల అమ్మాయి నిలబడి ఉంది. మూడు నెలలుగా "అవ్వా, కాసిని మంచినీళ్లివ్వవూ" అంటూ వచ్చిన సోమసేనుడు "అవ్..." అని నాలిక కరుచుకున్నాడు.

"మంచినీళ్లు కావాలా నాయనా?" అని కువలయ నవ్వింది.

అప్పుడే దూరంగా సముద్రం మీద కొత్త పడవ ఒకటి కనిపించింది. ఉదయసేనుడు తమ్ముడి దగ్గరికొచ్చి చెవిలో చెప్పాడు. "ఎవరి ఏళ్లు వాళ్లకి పోయాయి. నాన్నగారికి ఒక్కరోజు కూడా మిగల్లేదు. కానీ ఆ గుంట ఇప్పుడు నీది తమ్ముడూ. కూర్చో. వచ్చేవాళ్ల దగ్గర తలా కొంచెం. ఆరు నెలల్లో నాన్నగారికి ఇరవై ఏళ్లు!"

అది నిజమే. సోమసేనుడి చెయ్యి చక్రం మీదే ఉంది. మంచం మీద పడుకున్న తండ్రి మొహం కళ్లముందు కదిలింది. ఎంత వద్దనుకున్నా చెయ్యి అక్కణ్ణించి రాలేదు.

"నేనూ అలాంటి పడవలోనే వచ్చాను" అంది కువలయ. "మా అమ్మ కోసం."

సోమసేనుడు కాసేపు చూస్తూ నిలబడ్డాడు. పడవ ముందు భాగంలో ఎవరో కుర్రవాడు ఆశగా నిక్కి నిక్కి చూస్తున్నాడు. సోమసేనుడు బంగారు గోళీ తీసి సముద్రంలోకి విసిరేశాడు. తర్వాత నలభై మందీ కలిసి చక్రాన్ని దొర్లించుకుంటూ వెళ్లి లోతు నీళ్లలో తోసేశారు. సోమసేనుడు రాతి మీద కూర్చుని, తండ్రి పోయినట్టే వెక్కి వెక్కి ఏడ్చాడు. కువలయ వెళ్లి పక్కన కూర్చుంది.

తాబేలు తన చుట్టాలందర్నీ పిలిచి, అందర్నీ ఎవరి ఊరు వాళ్లకి చేర్చింది. కువలయ ముందు తన ఊరు వెళ్లి, బతికే ఉన్న తల్లిని కావలించుకుని, ఆమెను వెంటబెట్టుకుని మణిమంతపురం వచ్చింది.

ముగ్గురు కొడుకులూ మంచం దగ్గర నిలబడ్డారు. సోమసేనుడు తల వంచుకుని, "నాన్నగారూ, ఆయుష్షు తేలేకపోయాను. తెచ్చే దారి దొరికి కూడా తేలేదు" అని జరిగిందంతా చెప్పాడు.

రాజు దిండు మీద లేచి కూర్చున్నాడు. "వైద్యుడు మూడేళ్లన్నాడు. అందులో రెండేళ్ల పైన మీరు నా కోసం తిరుగుతూ నా దగ్గర లేకుండా పోయారు. నేనొక్కణ్ణే ఈ గోడ చూస్తూ కూర్చున్నాను" అన్నాడు. ఉదయసేనుడు ఆ మాటకి కుప్పకూలిపోయాడు. రాజు అతని తల నిమిరాడు. "ఏడవకురా. ఇంకా ఎనిమిది నెలలున్నాయి. ముందు ఈ చిన్నాడికీ కువలయకీ పెళ్లి చూడండి."

పెళ్లి ఐదు రోజులు జరిగింది. వాళ్ల వెంటే వచ్చేసిన చిలక కొత్త జంటకి మంగళహారతి పాడింది. శ్రుతి కుదరలేదుగానీ ఎవరూ ఏమీ అనలేదు. పట్టాభిషేకం నాడు పెద్దవాళ్లిద్దరూ తప్పుకున్నారు. "బండి చక్రం తిరిగినా నాకింకా అరచేతులు చెమరుస్తున్నాయి తమ్ముడూ. నువ్వే కూర్చో" అన్నాడు ఉదయసేనుడు, దాచుకోకుండా.

సోమసేనుడు, కువలయ యాభై రెండేళ్లు చల్లగా ఏలారు. ఆ ఏలుబడిలో వానలెన్ని కురిశాయో, పంటలెన్ని పండాయో అడిగితే నేను చెప్పలేను. కానీ ఆ ఎనిమిది నెలలూ రాజు మంచం ఖాళీగా లేదు. ఒక కొడుకు కాళ్లు పడుతుంటే ఒకడు కథ చెప్పేవాడు, ఇంకొకడు ఊరికే చూస్తూ కూర్చునేవాడు. ఎనిమిదో నెల ఆఖరి రోజు మధ్యాహ్నం రాజు గోరుముద్దలు తిని, "ఇవాళ పప్పు బాగుందర్రా" అని, ముగ్గురి వంకా చూసి, తృప్తిగా కళ్లు మూసుకున్నాడు.