తబిత ఆవు కోసిన కౌంటీ

అనగనగా ఒక ఊళ్ళో కాదర్రా, ఇంకా ఊరే పుట్టని చోట! ఏడు సముద్రాల అవతల, అమెరికా అనే అడవిలో, దొరలు ఓడలు దిగి చెట్లు కొడుతున్న రోజుల్లో. ఈ కథ నాలా చెప్పేవాళ్ళు ఈ జిల్లాలో లేరు. నేను చెబుతుంటే వింటూ గోడమీద బల్లి కూడా పురుగుని వదిలేసింది ఒకసారి. ఊ కొట్టండి మరి.

అక్కడ కౌంటీ అని ఒకటి ఉంటుంది. మన తాలూకా లాంటిది. మొదట్లో దేశమంతటికీ ఒకటే కౌంటీ, ఒకటే కోర్టు, అదీ సముద్రం ఒడ్డున. కౌంటీ ఎంతుండేదనుకున్నారు? ఈ చివర తుమ్మితే ఆ చివర చిరంజీవ అనడానికి వారం పట్టేది!

ఆ చివర అడవిలో తబిత అనే కోడలు, హన్నా అనే అత్త. ఇద్దరికీ ఉన్నదల్లా ఒక్క ఎర్రావు. అక్కడ ఆవుల్ని కట్టెయ్యరు, అడవిలోకి వదిలేస్తారు. ఎవరిదో తెలియడానికి చెవికి గాట్లు పెట్టి, ఆ గుర్తు కోర్టులో రాయిస్తారు. తబిత ఆవుకి రెండు గాట్లు. పొద్దు వాలితే చాలు, ఎక్కడున్నా ఇంటికొచ్చి హన్నా చేతిలో ఉప్పు నాకి పడుకునేది.

కోర్టు పక్కనే గిడియన్ దొర ఉండేవాడు. కోర్టు పెద్దల్లోకెల్లా పెద్ద. పొట్ట ముందొస్తే, మనిషి మర్నాడొచ్చేవాడు! అతగాడు అడవికి వేటకొచ్చినప్పుడు ఆ ఆవుని చూసి మనసుపడి, మూడో గాటు పెట్టి, మూడు గాట్లు నా గుర్తు, ఇది నాదే అని దావా వేశాడు.

తబిత మూడు రోజులు నడిచి వెళ్ళేసరికి కోర్టు మూసేశారు. మళ్ళీ పిలిచారు, మళ్ళీ వెళ్ళింది, దారిలో ఏరు పొంగింది, మళ్ళీ మూసేశారు. బంట్రోతు చెప్పే మాట ఒక్కటే. పిలిచాం, పలకలేదు, కొట్టేశాం. మూడో పిలుపుకి ఎవరు పలక్కపోతే వాళ్ళు ఓడినట్టే. తబిత పలక్కపోతే ఆవు గిడియన్‌దే. ఈ నియమం పెట్టిందెవరు? గిడియనే! శేషూ, ఊ అనరా, నిద్రపోతే నిన్నూ కొట్టేస్తాను.

"అంత దూరం ఎన్నిసార్లు పోతావే? కోర్టుని నెత్తిన పెట్టుకుని ఇక్కడికి తెస్తావా?" అంది హన్నా.

"తెస్తానత్తయ్యా," అంది తబిత.

అడవిలో ఉన్న నలభై ఇళ్ళవాళ్ళ చేతా వేలిముద్రలు వేయించి గవర్నరుగారికి అర్జీ పెట్టింది. కౌంటీని రెండు ముక్కలు చెయ్యండి, మాకో కోర్టు ఇవ్వండి అని. ముక్క చేస్తే గిడియన్ పెద్దరికమూ సగమైపోదూ? అందుకని అతగాడు గవర్నరు ముందు, అబ్బే, అది ఒక్క పూట నడక, ఆడవాళ్ళు ఊరికే వగలుపోతున్నారన్నాడు.

"అయితే మీరే నడిచి చూపించండి బాబూ. సాక్ష్యానికి ఆవునీ తీసుకెళ్ళాలిగా, దాన్నీ తోలుకురండి," అంది తబిత.

గవర్నరు సరేనన్నాడు. మూడో పిలుపు రోజున గిడియన్ తెల్లారి తబిత ఇంటి దగ్గర బయలుదేరాలి. దీపాలవేళకి కోర్టు చేరితే కౌంటీ ఒకటే, చేరకపోతే రెండు.

తబిత నాలుగు రోజుల ముందే వెళ్ళి కోర్టులో ముందు బల్లమీద కూర్చుంది. ఇక్కడ గిడియన్ తాడు పట్టుకున్నాడు. ఆవు గడ్డి చూసి ఆగింది, నీళ్ళు చూసి ఆగింది, నీడ చూసి పడుకుంది. లాగితే లేచింది, లేచి మళ్ళీ గడ్డి చూసింది! పొద్దు వాలింది. ఉప్పు గుర్తొచ్చింది. ఇంకేముంది, ఆవు వెనక్కి తిరిగి పరుగే పరుగు, తాడు చివర గిడియన్! ముళ్ళలోంచి, బురదలోంచి, తిన్నగా హన్నా గుమ్మంలోకి.

"వచ్చావా గిడియన్ బాబూ? ఇంకా బయలుదేరలేదా?" అంది హన్నా, ఆవుకి ఉప్పు పెడుతూ.

అదే వేళకి కోర్టులో బంట్రోతు పిలిచాడు.

"తబితా!"

"ఉన్నానండీ!"

"గిడియన్ దొరా!"

మూడుసార్లు పిలిచాడు. ఈగ కూడా పలకలేదు. మిగతా పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఏం చేస్తారు, నియమం నియమమేగా? పిలిచాం, పలకలేదు, కొట్టేశాం!

గిడియన్ పట్టువదలక మర్నాడూ లాగాడు, ఆ మర్నాడూ లాగాడు. సాయంత్రమయ్యేసరికి హన్నా గుమ్మమే. చివరికి వారం తర్వాత ఒక్క బూటుతో కోర్టుకొచ్చాడు. చేతిలో తాడుంది, తాడు చివర ఆవు లేదు.

ఆవు తబితకి దక్కింది. కౌంటీ రెండైంది. కొత్త కోర్టుకి ఇల్లు కట్టేదాకా హన్నా ముందుగదిలోనే విచారణలు. కాళ్ళు కడుక్కోకుండా లోపలికొస్తే పెద్దల్నైనా చీపురుతో తరిమేసేది మా హన్నా!

కొన్నేళ్ళకి కొండ అవతలివాళ్ళు వచ్చారు, మీ కోర్టు మాకు దూరమైపోయిందని. ఎక్కడి దూరం, ఒక్క పూట నడకేగా అని హన్నా దీర్ఘం తీసింది. తబిత నవ్వి, ఎర్రావు మనవరాలి మెడకి తాడు వేసి, కొస అత్తగారి చేతికి ఇచ్చింది.

హన్నా తాడు వంక చూసింది. ఆవు వంక చూసింది. "సర్లేవే, వాళ్ళకీ ఒక ముక్క కోసివ్వండి," అంది.

ఎదుటివాళ్ళ దారి దగ్గరేనని మీరెప్పుడైనా అనాలనిపిస్తే, ముందు ఆ తాడు పట్టుకోండర్రా. కథేమో కంచి దారి పట్టింది, మనం మన దుప్పట్లోకి.