గజశాలలో సూరమ్మ

ఒకానొక రాజ్యంలో నొప్పి పుడితే ఏనుగుకు మందుండేది, మనిషికి ఉండేది కాదు. ఇదెక్కడి విడ్డూరం అంటారేమో. రాజు తలుచుకుంటే విడ్డూరాలకు కొదవా?

ఆ రాజు పేరు రణభీమరాజు. పేరులో ఉన్న రణం ఆయన జీవితంలో ఏనాడూ లేదు. ఆయన పరాక్రమమంతా ఊరేగింపుల్లోనే. పట్టపుటేనుగు మీద, అంబారీలో, తెల్లగొడుగు కింద కూర్చుని వీధుల వెంట పోతుంటే ఆయనకు ఆకలిదప్పులు తెలిసేవి కావు.

ఆ తెల్లగొడుగు ఒకనాడు దొంగల పాలైంది. కోటవాకిట కాపలా ఉన్న భటులిద్దరు గంజాయి దమ్ము బిగించి, గోడకు చేరగిలబడి నవ్వుకుంటూ ఉండగా దొంగలు గొడుగును వాళ్ళ ముందునుంచే పట్టుకుపోయారు. భటులు లేచి దొంగలకు దండం కూడా పెట్టారని చెప్పుకుంటారు. గొడుగు కనిపించింది కదా, దాని కింద రాజుగారే ఉన్నారనుకున్నారట.

తరువాతి ఊరేగింపు తాటాకు గొడుగు కింద జరిగింది. జనం నోటికి గుడ్డలు అడ్డం పెట్టుకుని నవ్వారు. రాజుకు తల కొట్టేసినట్టయింది. మర్నాడే దండోరా వేయించాడు. రాజ్యంలో గంజాయి ఆకు కానీ, గింజ కానీ ఎవరి దగ్గర దొరికినా గుండు కొట్టించి పొలిమేర దాటిస్తామని చాటింపు.

ఊళ్ళో వైద్యుడు ఓబళయ్య కొలువుకు వచ్చి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"ప్రభూ, దమ్ము కొట్టేవాళ్ళను శిక్షించండి, కాదనను. నా దగ్గరున్న ఆకు పొగ కోసం కాదు. తీరని నొప్పులవాళ్ళకు, తిన్నది కడుపులో నిలవనివాళ్ళకు నేతిలో వేయించి, బెల్లంతో నూరి, గురివిందగింజంత ఉండ చేసి ఇస్తాను. దాంతో రోగం పోదు. కానీ రోగి ఓ ముద్ద తిని, కాస్త కునుకు తీస్తాడు."

"మందు పేరుతో మత్తన్నమాట" అని రాజు కొట్టిపారేశాడు.

ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు, దమ్మురాయుళ్ళ ఆకుతోపాటు ఓబళయ్య మందుపెట్టెలోని ఆకు కూడా కోట ముందు మంటలో పడింది. గాలివాటం చూసుకుని కొందరు ఆ మంట పక్కన చాలాసేపు నిలబడ్డారు, అది వేరే సంగతి.

కొన్నాళ్ళకు పట్టపుటేనుగుకు దంతం మొదట్లో చీము పట్టింది. మేత మానేసింది. దాని కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే మావటి కూడా ఏడ్చాడు. చూడబోతే దసరా ఇక రెండు నెలలే.

"తరతరాలుగా దీనికి ఒకటే మందు ప్రభూ" అన్నాడు గజవైద్యుడు. "గంజాయి ముద్ద పెడితే నొప్పి మరిచి మేత ముడుతుంది. ఈలోగా పుండు కడిగి మాన్పుకోవచ్చు. కానీ తమ ఆజ్ఞ ఉందాయె."

ఏనుగు లేకపోతే ఊరేగింపు లేదు. రాజు క్షణం కూడా ఆలోచించలేదు. దండోరా మళ్ళీ మోగింది. గజశాలలో గజవైద్యుడు తన చేత్తో కొలిచి పెట్టే మందుకు నిషేధం లేదన్నారు. ఏనుగు ముద్ద తిన్నది, ఆ పైన చెరుకు తిన్నది, రాజు మీసం మెలేశాడు.

ఈ రాజుగారి కొలువులో గురవన అనే చమత్కారి ఉండేవాడు. సభను నవ్వించడం అతని కొలువు. అతని మేనత్త సూరమ్మ. తల్లి పోయిన గురవనను చంకనేసుకుని పెంచి, తన కూతుర్నే ఇచ్చి పెళ్ళి చేసింది. ఆమెకు పొట్టలో రాచపుండు లేచింది. ఓబళయ్య ఉండ వేసుకున్నన్నాళ్ళు కాస్త జావ తాగి, కాస్త పడుకుని, తక్కిన పొద్దంతా అల్లుణ్ణి దెప్పుతూ సుఖంగానే ఉండేది. మందు ఆగిపోయాక మెతుకు ముడితే వాంతి. నొప్పి లేచినప్పుడు గోడను గోళ్ళతో గీరేది. ఆ గీతలు చూసి చూసి, పదిమందినీ నవ్వించేవాడికి సొంత ఇంటికి వెళ్ళాలంటే భయం పట్టుకుంది.

ఒకరోజు చమత్కారాలన్నీ పక్కనపెట్టి నిండు సభలో అడిగాడు.

"ప్రభూ, ఏనుగుకు ఇచ్చిన మందు మా అత్తకు కూడా ఇప్పించండి. ఆమె తిండి తిని చాలా రోజులైంది."

"ఏనుగు రాజ్యానికి అలంకారం. మీ అత్త దేనికి అలంకారమయ్యా?" అన్నాడు రాజు. ఎద్దు పుండు కాకికి నొప్పా? సభవైపు చూసి ఇంకో మాట కూడా అన్నాడు. "ఆ సడలింపు గజశాలకే. అంతగా కావాలంటే మీ అత్తను ఏనుగై పుట్టమను."

సభంతా నవ్వింది. ఆ కొలువులో గురవన నవ్వనిది ఆ ఒక్కరోజే.

"చిత్తం. అడిగి చూస్తాను" అని వెళ్ళిపోయాడు.

ఇంటికి వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు.

"అత్తా, నువ్వు ఏనుగువి కావాలి."

సూరమ్మ అంత నొప్పిలోనూ కళ్ళు తెరిచింది. "పెళ్ళినాటి నుంచీ ఆ మాట నీ నోట్లో ఆడుతూనే ఉంది అల్లుడూ. ఇవాళ్టికి బయటపడ్డావు."

గురవన ఆమెను డోలీలో పెట్టించి గజశాలకు తీసుకుపోయాడు. ఆ గజశాలకు ఒక పాత మర్యాద ఉంది. గుడి ఏనుగైనా, పరాయి ఊరి ఏనుగైనా, జబ్బుపడి వాకిటికి వస్తే రాజు స్వయంగా చూసేదాకా వెనక్కి పంపకూడదు.

మావటి డోలీలోకి తొంగిచూసి బెదిరిపోయాడు. "బాబయ్యా, ఆ మర్యాద ఏనుగులకు. ఈమె మీ అత్తగారు."

"ఏనుగు అవునో కాదో తేల్చేది నువ్వా, రాజుగారా?"

మావటి తల గోక్కున్నాడు. "నేనెవణ్ణండీ తేల్చడానికి. రాజుగారే."

"అయితే ఆయన్నే తేల్చనీ."

మావటి మంచివాడు. పట్టపుటేనుగు పక్క కొట్టంలో మెత్తగా గడ్డి పరిచాడు. గజశాలకు కొత్తగా వచ్చిన ప్రాణికి చేసినట్టే సూరమ్మ నుదుట కుంకుమ పెట్టి, ఒక గంట కూడా తెచ్చి పక్కన పెట్టాడు. పట్టపుటేనుగు తొండం చాచి ఆమెను ఓసారి వాసన చూసి, తన మేతలో నుంచి గుప్పెడు గడ్డి తీసి ఆమె ముందు పడేసింది.

మరుసటి శుక్రవారం రాజు ఏనుగులను చూడటానికి వచ్చాడు. వరుసగా చూసుకుంటూ చివరికి ఆ కొట్టం ముందు ఆగిపోయాడు.

"ఇదేమిటి?"

"జబ్బుపడి వచ్చిన ఏనుగు ప్రభూ" అన్నాడు గురవన. "ఏనుగై పుట్టమని తమరే ఆజ్ఞాపించారు. మళ్ళీ పుట్టేంత ఓపిక ఆమెకు లేదు. అందుకని ఉన్న ఒంటితోనే వచ్చేసింది."

రాజు ముఖం ఎర్రబడింది. "నాతో పరాచికాలా? దీనికి తొండమేది?"

"తొండం లేదు ప్రభూ. తక్కినవన్నీ చూసుకోండి. పట్టపుటేనుగు నొప్పితో మేత మానేసింది, ఈమె కూడా మానేసింది. దానికి కంటినీరు కారింది, ఈమెకూ కారుతోంది. అది తమరిని మోసింది, ఈమె నన్ను మోసింది. ఒకటే తేడా. ఏనుగు తన నొప్పి ఇదీ అని చెప్పలేదు, అయినా తమకు వినపడింది. ఈమె చెప్పగలదు."

రాజు సూరమ్మవైపు తిరిగాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అడిగాడు. "ఏమవ్వా, నువ్వు ఏనుగువా?"

సూరమ్మ లేవబోయి లేవలేక, పడుకునే చేతులు జోడించింది. "మందిప్పిస్తానంటే ఏనుగునే బాబూ. ఇవ్వనంటే సూరమ్మని. సూరమ్మగా ఉండి ఈ నొప్పి నేను పడలేకపోతున్నాను."

సభలో ముసలమ్మ అంటే ఒక మాట. ఇక్కడ గడ్డిమీద చేతులు జోడించి, తన ముఖంలోకి చూస్తున్న మనిషి. రాజు గురవనవైపు తిరిగాడు.

"సరేనయ్యా, ఈమెకు ఇస్తాను. రేపు ఊళ్ళోని దమ్మురాయుళ్ళంతా మేమూ ఏనుగులమే అని వచ్చి కూర్చుంటే? నా కొత్తగొడుగు మాటేమిటి?"

"రానివ్వండి ప్రభూ. ఇక్కడ చిలుం ఇవ్వరు కదా. వైద్యుడు రోగం చూస్తాడు, కొలుస్తాడు, ఎదురుగా నిలబడి మింగిస్తాడు. తమ పట్టపుటేనుగు ఇన్నాళ్ళూ ఆ ముద్ద తింటూనే ఉంది. ఈ మధ్యలో గొడుగు మళ్ళీ పోయిందా?"

"పోలేదు."

"ఏనుగు పోయి తోక చిక్కిందంటారు. తమ ఆజ్ఞలో తమరే వాకిలి తెరిచారు, అందులోంచి అంత ఏనుగూ వెళ్ళిపోయింది. మా అత్త ఆ తోకపాటి కూడా లేదు."

రాజు పెదవి చివర కదిలింది కానీ బింకం సడలలేదు. "దసరా దాకా చూస్తాను. ఒక్క దొంగరోగికి మందు అందినా నీకు గుండు, మీ అత్తకు పొలిమేర" అన్నాడు.

ఏనుగు కొలతను మనిషి కొలతకు దించడానికి ఓబళయ్యను పిలిపించారు. ఆ పూట సూరమ్మ గురివిందంత ఉండ మింగింది. పొద్దు వాలేసరికి గిన్నెడు జావ తాగి, ఆ జావలో ఉప్పు తక్కువైందని కూతుర్ని కేకలేసింది. ఆ కేకలు విని గురవన స్తంభం చాటుకు వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాడు.

కబురు ఊరంతా పాకింది. అందరికంటే ముందు వచ్చినవాళ్ళు ఎవరనుకున్నారు? గొడుగు పోగొట్టిన భటులిద్దరూ. కడుపులు పట్టుకుని, అయ్యో అమ్మో అంటూ వచ్చారు.

"కడుపునొప్పికి ముందు ఆముదం" అన్నాడు గజవైద్యుడు. "కడుపు శుభ్రమయ్యాకే మందు. గజశాల కదా, మా దగ్గర ఉన్న కొలత ఇదే" అని బానెడు ఆముదం తెచ్చి ముందు పెట్టాడు.

ఎవరూ గుండు కొట్టించకుండానే వాళ్ళు పొలిమేర దాటారు. ఆ తరువాత దమ్మురాయుడన్నవాడు అటువైపు రాలేదు. నిజంగా నొప్పి ఉన్నవాళ్ళు మాత్రం వచ్చారు. కాలు పోయినా ఆ లేనికాలే సలుపుతోందని ఏడ్చే కుమ్మరి వచ్చాడు. అన్నం చూస్తేనే వాంతి చేసుకునే సాలెవాళ్ళ కోడలు వచ్చింది. ఏనుగుల మధ్య గడ్డిలో కూర్చోవడానికి వాళ్ళేమీ నామోషీ పడలేదు.

రాజు అంతా కనిపెట్టి చూశాడు. దసరా ముందురోజున దండోరా మూడోసారి మోగింది. వైద్యుడు రోగం చూసి కొలిచి ఇస్తే అది మందు, దమ్ము బిగిస్తే అది నేరం, మందు కోసం ఇక ఎవరూ ఏనుగు కానక్కర్లేదు అని చాటారు. సూరమ్మ ఇంటికి వచ్చేసింది.

మర్నాడు ఊరేగింపు. కొత్త తెల్లగొడుగు, కొత్త అంబారీ, భేరీలు, సన్నాయిలు. ఊరేగింపు గురవన ఇంటి ముందుకు వచ్చేసరికి పట్టపుటేనుగు నిలబడిపోయింది. మావటి అదిలించినా కదల్లేదు. అరుగుమీద దిండుకు ఆనుకుని కూర్చున్న సూరమ్మవైపు తొండమెత్తి ఘీంకరించింది.

"ఏమిటి ఆగింది?" అన్నాడు రాజు పైనుంచి.

"పక్కపక్క కొట్టాలవాళ్ళం కదా బాబూ, పలకరించకుండా ఎలా పోతుంది?" అని సూరమ్మ లోపలికి కేకేసింది. "అల్లుడూ, మనవాళ్ళొచ్చారు. కాళ్ళకు నీళ్ళివ్వు."

గురవన చెంబుతో నీళ్ళు తెచ్చి, ఆ ఏనుగు కాళ్ళను ఓసారి చూసి, చెంబు పక్కన పెట్టి బావివైపు నడిచాడు.

రణభీమరాజు పడీపడీ నవ్వాడు. కిరీటం పక్కకు ఒరిగినా సర్దుకోలేదు. గురవనను వెనక్కి పిలిచి, మెడలోని ముత్యాలహారం తీసి అందించి, "అవ్వా, మరి నీకేం కావాలో కోరుకో" అన్నాడు.

సూరమ్మ అంబారీ పక్కన కట్టిన చెరుకుగడలవైపు చూసింది.

"అందులో ఒకటి ఇప్పించండి బాబూ, రసం తీయించుకుంటాను. పొద్దుట్నుంచీ ఆకలేస్తోంది" అంది.

రాజు వంగి, తన చేత్తోనే చెరుకుగడ లాగి ఇచ్చాడు.