తగ్గించిన చెయ్యి

సౌండు సరిగా రావడం లేదని ఎవరైనా కంప్యూటరు తెస్తే, జలాలుద్దీన్ మాస్టారు ముందు దాన్ని వెలిగించి, పాటా మాటా ఏదీ పెట్టకుండా, దానికెదురుగా కూర్చుని ఒక గ్లాసు టీ తాగేవారు. టీ అయ్యేదాకా ఎవరూ మీట ముట్టుకోకూడదు. బందరులో రేడియోలు బాగుచేసిన రోజుల నుంచీ ఆయనకిదే అలవాటు. రేడియోలు మూలపడి, లినక్స్ కంప్యూటర్లు బల్లెక్కినా అలవాటు మాత్రం పోలేదు. ఖాళీ నిశ్శబ్దంలో ఆయన ఏం వింటారో ఎవరికీ తెలియదు. ఇదంతా టీ కోసం వేసిన ఎత్తు అని శిష్యులు చాటున నవ్వుకునేవారు.

అందరికంటే ఎక్కువ నవ్వినవాడు కృపానందం. సెల్‌ఫోన్ల దుకాణంలో ఏడేళ్ళు పనిచేసి వచ్చినవాడు, చెయ్యి మహా చురుకు. సౌండు తగ్గిందంటే అతనికి తెలిసిన వైద్యం ఒక్కటే. తెరమీద వాల్యూమ్ గీతను నూటికి లాగడం, చాలకపోతే నూటయాభైకి లాగడం. లినక్స్‌లో ఆ వెసులుబాటు ఉంది. నూరు దాటాక మాటతోపాటు గరగర కూడా పెరుగుతుందనేది వేరే సంగతి. అంత లోతుకు వెళ్ళేలోపే అతను చేతులు దులుపుకుని వచ్చేసేవాడు.

ఒకరోజు పొద్దున్నే అతను మాస్టారినే అడిగాడు.

"మాస్టారూ, పైన పెంచితే వినపడుతుంది. వినపడితే పనైపోయినట్టే కదండీ. కింద ఎక్కడ తగ్గింది, ఎందుకు తగ్గిందని అంత దూరం తవ్వడం దేనికి?"

మాస్టారు గ్లాసు కడిగి బోర్లించారు. "వకుళమ్మగారింటికి మళ్ళీ ఎప్పుడు వెళ్తున్నావు?" అన్నారు.

కృపానందం ముఖం మాడిపోయింది. ఆ ఇంటికి అతను రెండుసార్లు వెళ్ళాడు, రెండుసార్లూ బాగుచేశాననే చెప్పి వచ్చాడు. వకుళమ్మగారు బడిలో తెలుగు చెప్పి రిటైరైన టీచరు. నలభయ్యో ఏట చూపు పోయినా ఉద్యోగం వదల్లేదు. గొడుగుపేటలో చెల్లెలు కుముదంతో ఉంటుంది. ఆమె కంప్యూటరులో తెరమీది అక్షరాలను పైకి చదివే ప్రోగ్రాము ఉంది. పేపరు, ఉత్తరాలు, తన దగ్గర చదివిన పిల్లల గురించి ఆమె రాసుకుంటున్న పుస్తకం, అన్నీ ఆ గొంతే వినిపించాలి. నెలన్నర కిందట ఆ గొంతు కాస్త చిన్నగా ఉందని పిలిపించారు, అప్పటి నుంచీ అది ఇంకా తగ్గిపోతూనే ఉంది. మొదటిసారి కృపానందం గీతను నూటయాభైకి లాగాడు. రెండోసారి వెళ్ళేసరికి అది నూటయాభైలోనే ఉంది, గొంతు మాత్రం మళ్ళీ పడిపోయింది. పెద్ద స్పీకర్లు తగిలించి వచ్చాడు.

"ఇంక అక్కర్లేదటండీ. నిన్న కుముదమ్మగారు ఫోన్ చేశారు," అన్నాడు. "మిషనుది తప్పేం లేదట. అక్కగారికి చెవులు పోతున్నాయట."

అలా చెబుతున్నప్పుడు అతని మనసు కాస్త తేలికపడిన మాట నిజం. తప్పు తన పనిలో లేదు కదా! కళ్ళు లేని మనిషికి చెవులు కూడా పోతే ఇంకేం మిగులుతుందన్న ఆలోచన ఆ తర్వాత గాని రాలేదు. వచ్చాక సిగ్గేసింది.

"మిషనుది తప్పు లేదని ఆవిడకెలా తెలుసు?" అని మాస్టారు చెప్పులు వేసుకున్నారు.

పదకొండు గంటలకు ఆ ఇంటికి చేరారు. బయట ఎండ మండిపోతోంది. లోపల మాత్రం కిటికీ తలుపులన్నీ వేసి ఉన్నాయి. చూపు లేని మనిషికి వెలుతురుతో పనేముందని ఎవరో అనుకున్నట్టున్నారు. కంప్యూటరు తెర ఆపేసి ఉంది, కంప్యూటరు నడుస్తూనే ఉంది. ఆ నల్లటి తెర వెనక నుంచి ఎవరో లోతైన నూతిలో దిగి పేపరు చదువుతున్నట్టు, మాటలు ఉండీ లేనట్టు వస్తున్నాయి. వకుళమ్మగారు స్పీకరుకు చెంప ఆనించి కూర్చుని ఉంది. అడుగుల చప్పుడు వినగానే చదువు ఆపించి, నిటారుగా సర్దుకుంది.

"రండి మాస్టారూ. బాబు కూడా వచ్చాడా? పాపం, నా చెవులకు మీరేం చేస్తారు?" అంది.

"మిగతా చప్పుళ్ళు వినపడుతున్నాయా అమ్మా?" అని అడిగారు మాస్టారు.

"అదే చిత్రం. గిన్నె పడితే వినపడుతుంది. వీధిలో కూరలమ్మి అరుపు వినపడుతుంది. మిషను మాట ఒక్కటే రోజురోజుకూ దూరమైపోతోంది. చెవుడు అలాగే మొదలవుతుందట, ముందు మాటలు పోయి, తర్వాత చప్పుళ్ళు పోతాయట. కుముదం చెప్పింది." ఆమె తల లోపలి గుమ్మం వైపు తిప్పింది. "అందుకని ఇంట్లో చప్పుళ్ళు బట్టీ పడుతున్నాను. కుళాయి, తలుపు గొళ్ళెం, కుముదం గాజులు. పూర్తిగా పోయాక తలుచుకోవడానికి ఉండాలి కదా."

ఆ చీకటి గదిలో ఒక ముసలావిడ రోజంతా కూర్చుని గొళ్ళెం చప్పుడు బట్టీ పడుతూ ఉండటం తలుచుకుని కృపానందం మూసిన కిటికీల వైపు చూశాడు.

కుముదం టీ తెచ్చింది. సన్నగా, శుభ్రంగా, అసలు ఉన్నట్టే తెలియకుండా తిరిగే మనిషి. గ్లాసులు బల్లమీద పెట్టి, ఒక్క మాటా అనకుండా లోపలి గుమ్మం కర్టెను వెనక్కి వెళ్ళిపోయింది.

మాస్టారు టీ తాగడం మొదలుపెట్టారు. స్పీకర్లలోంచి సన్నని గరగర వస్తోంది. పైన పెంచి పెట్టిన నూటయాభై పుణ్యమే అది. ఆ గరగర అడుగున ఇంకేదో ఉన్నట్టు కృపానందానికి అనిపించింది. చెవి రిక్కిస్తే ఉంటుంది, ఇంకాస్త రిక్కిస్తే ఉండదు. మాస్టారు మాత్రం గ్లాసు కింద పెట్టి, "ఇప్పుడు ఆ గీత కింద ఏముందో చూడు," అన్నారు.

అతను తెర వెలిగించి మిక్సరు తెరిచాడు. లినక్స్‌లో సౌండు చెవిని చేరేలోపు దాటవలసిన గేట్లన్నీ అక్కడ నిలువు పట్టీలుగా వరసలో కనిపిస్తాయి. పైన గీత ఎంత లాగినా, ఇక్కడ ఒక్క పట్టీ దించి ఉంటే సౌండు అక్కడే చిక్కుకుపోతుంది. మొదటి పట్టీ నిండుగా ఉంది, రెండోదీ నిండుగానే ఉంది. స్పీకరు పట్టీ దగ్గర మాత్రం అడుగున పచ్చగా కాస్త రంగు, నూటికి పద్నాలుగు.

"మొదటిసారి నేను చూసినప్పుడు ఇది నిండుగా ఉంది మాస్టారూ."

"దానంతటది దిగుతుందా?"

"దిగదండీ. ఆపేటప్పుడు ఎంతలో ఉంటే అంతే గుర్తుపెట్టుకుని, మళ్ళీ వెలిగించినప్పుడు అంతే పెడుతుంది. ఎవరైనా దించితేనే..."

మాట అక్కడే ఆగిపోయింది. ఇంట్లో ఉన్నది ఇద్దరు. అందులో ఒకరికి తెర కనపడదు. అన్నింటికంటే ముందు అతనికి గుర్తొచ్చింది మొదటిసారి వచ్చిన రోజు. గీత లాగాక, తన తెలివి చూపించుకోవాలన్న ఉత్సాహంతో కుముదమ్మను పిలిచి మరీ ఈ మిక్సరు తెరిచి చూపించాడు. "ఎప్పుడైనా తగ్గితే ఈ పట్టీ మీదకొచ్చి పైబాణం నొక్కండమ్మా, అంతే," అన్నాడు. ఆవిడ ఎంతో శ్రద్ధగా రెండుసార్లు చెప్పించుకుంది. కిందిబాణం సంగతి అతను చెప్పలేదు. చెప్పవలసిన పనేముంది, పక్కనే ఉంటుంది.

ఇంకో పట్టీ కూడా అతనికి అర్థం కాలేదు. మైకుది. ఎప్పుడూ మూసి ఉండవలసినది, తెరిచి ఉంది. తెలియని చెయ్యి ఏదో మీట తడిమినట్టుంది. దాన్ని తర్వాత చూద్దామని అతను స్పీకరు పట్టీ మీద పైబాణం నొక్కి పట్టాడు. ముప్ఫై. అరవై. తొంభై.

గరగర గది నిండింది. అందులోంచి ఊపిరి వినపడింది.

స్పీకర్లు రెండూ ఊపిరి పీలుస్తున్నాయి. పీల్చి, కాస్త బిగబట్టి, ముక్కలు ముక్కలుగా వదులుతున్నాయి. కంప్యూటరులో ఏదీ నడవడం లేదు, పాటా లేదు, చదువూ లేదు. కృపానందం మీటల మీంచి చేతులు తీసేశాడు. మాస్టారు కదల్లేదు.

వకుళమ్మగారు మెల్లగా తల ఎత్తింది.

"కుముదా," అంది.

ఊపిరి టక్కున ఆగింది.

"నువ్వేనే. చిన్నప్పుడు పదేళ్ళు ఒకే మంచమ్మీద పడుకున్నాం, నాకు తెలీదూ? ఏడుపు ఆపుకునేటప్పుడు ఇలాగే పీలుస్తావు." ఆమె చేత్తో స్పీకరును తడిమింది. తర్వాత చాలా నెమ్మదిగా అంది, "అయితే నా చెవులకేం కాలేదన్నమాట."

సంతోషించవలసిన మాట అది. ఆ గదిలో ఎవరూ సంతోషించలేదు. ఎవరూ వాడక పక్కన పెట్టేసిన మైకు తీగ గోడవెంట పాకి, లోపలి గుమ్మం పక్కన గూట్లోకి వెళ్ళడం కృపానందం అప్పుడు చూశాడు. గూటిని ఆనుకునే కర్టెను ఉంది. కర్టెను కింద రెండు పాదాలు.

"అక్కా," అన్న పిలుపు కర్టెను వెనక నుంచీ వచ్చింది, స్పీకర్లలోంచీ వచ్చింది. "ఇరవై ఆరేళ్ళు నేనే చదివిపెట్టాను. పేపరు, ఉత్తరాలు, నీ పిల్లల పరీక్ష పేపర్లు. ఈ మిషను వచ్చిన దగ్గర్నుంచి నువ్వు నన్ను పిలిచింది అన్నానికే. మళ్ళీ పిలుస్తావేమో అనుకున్నా."

ఆ చివరి మాట స్పీకర్లలోంచి మైకులోకీ, మైకులోంచి స్పీకర్లలోకీ తిరిగి తిరిగి పెద్ద కూతై గదంతా చుట్టేసింది. కృపానందం తడబడుతూ మైకు పట్టీ మూసేశాడు. కూత తెగిపోయింది. కర్టెను వెనక గొంతు ఒక్కటే మిగిలింది, అదీ చిన్నగా.

"రోజుకెంత తగ్గించేదానివి?" అని అడిగింది అక్క.

"ఒక్క నొక్కు. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు."

"నేను కూర్చుని నీ గాజుల చప్పుడు బట్టీ పడుతుంటే చూస్తూనే ఉన్నావు."

కర్టెను కింద పాదాలు ఒక అడుగు వెనక్కి జరిగాయి.

మాస్టారే చివరికి గొంతు సవరించుకుని, "అమ్మా, ఎంతలో ఉంచమంటారు?" అని అడిగారు.

"నిండుగా," అంది వకుళమ్మగారు.

కృపానందం స్పీకరు పట్టీ నిండుగా ఉంచి, పైన గీతను నూటయాభై నుంచి నూటికి దించాడు. గరగర పోయింది. మిషను పేపరు చదవడం మొదలుపెట్టింది. ప్రతి అక్షరం గంట కొట్టినట్టు వినపడింది. ఇన్నాళ్ళూ తను చేయలేకపోయిన పని ఒక్క నిమిషంలో అయిపోయింది. అయినా అతనికి అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది.

గేటు దగ్గర చెప్పులు వేసుకుంటుంటే మూసిన కిటికీలోంచి ఆ గొంతు వినపడుతూనే ఉంది. ఏదో వంతెన గురించిన వార్త. చదువుతూ చదువుతూ, ఒక మాట మధ్యలో ఆగిపోయింది. అతను ఒంగినవాడు ఒంగినట్టే ఉండిపోయాడు. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. గాజుల చప్పుడు కూడా లేదు. తర్వాత మనిషి గొంతు ఒకటి, చాలాకాలంగా వాడక బొంగురుపోయిన గొంతు, అదే వార్తను మొదటి వాక్యం నుంచి చదవడం మొదలుపెట్టింది.

మిషనును ఆపిన చెయ్యి ఎవరిదో కృపానందానికి తెలియలేదు. అక్కే ఆపి పిలిచిందా? లేక చెల్లెలే మళ్ళీ చెయ్యి పెట్టిందా? కిటికీ తలుపులు మూసే ఉన్నాయి.

"మాస్టారూ, వెనక్కి వెళ్ళి చూడనా?" అన్నాడు.

మాస్టారు గేటు దగ్గరగా వేసి, గొళ్ళెం చప్పుడు కాకుండా పెట్టారు.

"ఇంతకుముందు రెండుసార్లు వచ్చావు కదా నాయనా. ఈ ఇంట్లో ఎవరి గొంతు వినపడటం లేదో ఒక్కసారైనా అడిగావా?" అన్నారు.