పోలి పాతిక కోసులు

ఎర్రకొండ చుట్టుపక్కల వరసగా మూడేళ్ళు వాన ముఖం చాటేసింది. ఊళ్ళో జనం తట్టాబుట్టా సర్దుకుని పనులు వెతుక్కుంటూ పోయారు. పోయేముందు మేపలేని పశువుల పలుపులు విప్పి, "ఎక్కడో ఒకచోట బతకండి" అని కొండవైపు తోలేశారు. అలా వచ్చిపడ్డవాళ్ళలో ముసలెద్దు నందయ్య ఉన్నాడు, గేదె బూచమ్మ ఉంది, బట్టల మూటలు మోసీ మోసీ వీపు మీద బొచ్చు ఊడిపోయిన గాడిద పోలి ఉంది.

కొండ కింద ఉన్నది ఒకటే చెలమ. దానికి పెద్ద, సింగులయ్య అనే గుంటనక్క. ఆయన్ని పెద్దగా ఎవరు పెట్టారంటే ఎవరూ పెట్టలేదు. అందరి నోళ్ళూ దాహంతో ఎండిపోయి ఉన్న రోజుల్లో గట్టిగా మాట్లాడినవాడు ఆయనొక్కడే. మాట్లాడి ఒక కట్టుబాటు చేశాడు. ఏటా ఎండలు ముదిరే ముందు కొండచుట్టు పరుగు. పాతిక కోసులు. పొద్దు పొడుపుతో బయలుదేరి పొద్దు గుంకేలోగా ఎవరు తిరిగొస్తే, వాళ్ళ జట్టు మొత్తానికి తెల్లవారి తేట నీళ్ళు. రానివాళ్ళకు సాయంత్రం మిగిలిన బురద.

దుప్పులు వచ్చేవి, కుందేళ్ళు వచ్చేవి, అడవిపందులు రొప్పుకుంటూనైనా వచ్చేవి. ఊరి పశువుల తరఫున మాత్రం ఇంతవరకూ ఎవరూ పరుగెత్తలేదు. అందుకని వాళ్ళ వాటా ఎప్పుడూ బురదే. కిందటి వేసవిలో ఆ బురద తాగే రెండు ముసలావులు కడుపు పట్టి చచ్చిపోయాయి.

ఆ ఏడు సింగులయ్య చెలమ గట్టు మీద కూర్చుని పేర్లు పిలుస్తున్నాడు. "ఊరి పశువులు! ఎవరన్నా ఉన్నారా? లేరుగా? సరే, మామూలే..."

"నేనున్నా," అంది పోలి.

గట్టు మీద నవ్వు పుట్టి కొండదాకా పాకింది. సింగులయ్య తోక సవరించుకున్నాడు. "గాడిదకేం తెలుసు గంధపు వాసన అని ఊరికే అన్నారా? నీకు బరువు మోయడం తెలుసుగానీ పరుగేం తెలుసే?"

"నా పేరు మీ అందరికీ తిట్టుగా పనికొస్తోంది. నాకు పేరుగానే పనికొస్తుంది. రాసుకో. పోలి."

ఆ మాట అని వెనక్కి వచ్చింది. దానికి ఆశ్చర్యపోనిది నందయ్య ఒక్కడే. నిజానికి ఆయన రెండు నెలల నుంచీ గమనిస్తున్నాడు. రోజూ తెల్లవారుజామునే పోలి లేచి, రాళ్ళ బీడు దాటి, ఎండిన వాగు దాకా పరుగెత్తి వస్తోంది.

"ఎందుకమ్మాయ్ ఆ పరుగు? ఎవరన్నా తరుముతున్నారా?" అని అడిగాడు.

"లేదు పెదనాన్నా. ఎవరూ తరమకపోతే ఎలా ఉంటుందో చూస్తున్నా."

నందయ్య నెమరు ఆపాడు.

"పదకొండేళ్ళు నడిచాను," అంది పోలి. "ఒక్క అడుగు కూడా నాది కాదు. రేవుకు పోతున్నానో ఊళ్ళోకి పోతున్నానో వెనక కర్ర పట్టుకున్నవాడికి తెలుసు, నాకు తెలియదు. పలుపు విప్పి తోలేసిన రోజు నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నాలుగడుగులు ఉరికాను. వీపు మీద గాలి తగిలింది పెదనాన్నా. పదకొండేళ్ళలో నా వీపుకు గాలి తగలడం అదే మొదటిసారి. ఆ గాలి కోసం రోజూ పరుగెత్తుతున్నా. తేట నీళ్ళ మాట తర్వాత వచ్చింది."

 నందయ్య లేచి నిలబడి, "అయితే సరిగ్గా పరుగెత్తు. నువ్వు మొదటి కోసులోనే ఊపిరంతా ఖర్చు పెడుతున్నావు. నేను ఇరవై ఏళ్ళు దున్నాను. చేనంతా చూసుకుంటే ఏ ఎద్దూ దున్నలేదు. ముందున్న చాలు ఒక్కటే చూడాలి. అది తెగాక ఇంకో చాలు," అన్నాడు.

ఆ రోజునుంచి ఆయన బీడు అంచున నిలబడి అడుగు లెక్క చెప్పేవాడు. కాకి కనకం పైన ఎగిరి, కొండ వెనక దారిలో ఎక్కడ గులకరాళ్ళున్నాయో, ఎక్కడ ఎత్తు మొదలవుతుందో, కనుమ ఎంత ఇరుకో చూసొచ్చి చెప్పేది. బూచమ్మ మాత్రం సణిగేది.

"ఈవిడగారు ఉరికితే నాకేం ఒరుగుతుంది? ఓడిపోతే ఆ నక్క ముందు మనందరికీ తలవంపులు. గమ్మున పడుండక ఎందుకొచ్చిన గోల?"

సణుగుతూనే ఆవిడ చేసిన పని ఒకటుంది. సాయంత్రం చెలమలోకి దిగి పొర్లడం ఆవిడకు ప్రాణం. పోలి పేరిచ్చిన రోజు నుంచి పక్షం రోజులూ దిగలేదు. గట్టు మీదే కూర్చుంది, వీపు ఎండకు పగులుతున్నా సరే. ఆవిడ దిగకపోతే బురద అడుక్కు చేరి పైన రెండు దోసిళ్ళ నీళ్ళు తేటపడేవి. పోలి అవి తాగేది. ఆవిడ ఎందుకు దిగడం లేదో పోలి అడగలేదు. బూచమ్మ చెప్పలేదు.

పోలి కాలి గిట్టలు గట్టిపడ్డాయి. పోలి వాగుదాకా కాదు, వాగు దాటి మొర్రిచెట్టు గుట్టదాకా పోయి వస్తోందన్న కబురు సింగులయ్య చెవిన పడింది. ఊరి పశువులు కూడా తెల్లవారి వచ్చి వరసలో నిలబడితే తేట నీళ్ళు చాలవు. అంతకంటే, వాళ్ళు తలెత్తి నిలబడితే తన పెద్దరికం ఎంతకాలం నిలుస్తుంది?

పరుగుకు మూడు రోజుల ముందు గట్టెక్కి చాటించాడు. "ఈ ఏడు కొత్త కట్టుబాటు! పరుగెత్తేవాళ్ళ వెంట ఇంకెవరూ పరుగెత్తకూడదు. ఎదురు రాకూడదు. వచ్చారో, ఆ జట్టు ఓడినట్టే!"

అందరూ నందయ్యవైపు చూశారు. నందయ్య మెడ ఊపాడు. "సరే సింగులయ్యా. వెంట పరుగెత్తడానికి మాకు పరుగొస్తే కదా."

మర్నాడు తెల్లారేసరికి నందయ్య లేడు. బూచమ్మ లేదు.

పోలి బీడంతా వెతికింది. "కనకం, వాళ్ళేరీ?"

"నాకేం తెలుసు?" అని కనకం ముక్కుతో రెక్క పొడుచుకుంది.

ఇంకో రోజు గడిచింది. రాలేదు. తలవంపులకు భయపడి పోయారనుకుంది పోలి. ఎవరి భయం వాళ్ళది, తప్పు పట్టడానికి లేదనుకుంది. అయినా ఆ సాయంత్రం గట్టు మీద బూచమ్మ కూర్చునే చోటే చూస్తూ నీళ్ళు తాగింది.

పరుగు రోజు పొద్దు పొడిచింది. గీత దగ్గర దుప్పుల పెద్ద చుక్కల మావ, రెండు కుందేళ్ళు, ఒక అడవిపంది, వాటి పక్కన పోలి. మిగతా జట్లన్నీ తమవాళ్ళ చుట్టూ మూగి ఉన్నాయి. పోలి చుట్టూ ఎవరూ లేరు.

"అయ్యో, నీవాళ్ళు నిన్ను వదిలేశారే!" అన్నాడు సింగులయ్య, గొంతులో బోలెడంత జాలి పోసుకుని. "ఇప్పటికైనా మించిపోలేదు. పక్కకు తప్పుకో. నవ్వులపాలవడం దేనికి?"

"నవ్వుకోండి. పాతిక కోసులూ నవ్వగలరా?" అంది పోలి. "నేను పాతిక కోసులూ పరుగెత్తుతాను."

కూత పడింది. దుప్పి రెండు గంతుల్లో మలుపు తిరిగిపోయాడు. కుందేళ్ళు దుమ్ములో కలిసిపోయాయి. పోలి వాళ్ళవైపు చూడలేదు. చాలు చూసింది. ఒక చాలు తెగాక ఇంకో చాలు.

ఎనిమిదో కోసులో ఎండ నెత్తికెక్కింది. పదో కోసులో కుడి ముందు గిట్ట చీలింది. కొండ పడమటి వాలు మీద చెట్టన్నది లేదు, కాలిన బండలు తప్ప. పదమూడో కోసు దగ్గర కళ్ళు బైర్లు కమ్మి, ఇక్కడ పడిపోతే ఎవరూ చూడరు, ఎవరూ నవ్వరు అన్న ఆలోచన వచ్చింది. అది ఎంత చల్లగా, ఎంత హాయిగా వచ్చిందో!

అప్పుడు దారి పక్కన ఒక బండ కదిలింది. బండ కాదు. నందయ్య.

"పెదనాన్నా!"

"అరవకు. ఊపిరి పోతుంది. నేను వెంట పరుగెత్తడం లేదు, ఎదురూ రావడం లేదు. ఇక్కడ నిలబడ్డాను, అంతే. ఎద్దు నిలబడకూడదని ఎవడూ చాటించలేదుగా? రా, నా నీడలో నిలబడు."

మొన్న చీకటితోనే బయలుదేరి, కీళ్ళు పట్టేస్తుంటే ఆగి ఆగి నడిచి వచ్చాడాయన. ఎండకు అడ్డంగా నిలబడ్డాడు. ఆ పెద్ద ఒంటి నీడలో పోలి యాభై ఊపిర్లు పీల్చింది.

"వదిలేసి పోయారనుకున్నా," అంది.

"చెబితే నీ ముఖంలో కనిపించేది. నీకు దాచడం రాదు. ఆ నక్క పసిగట్టేవాడు. చాలింక, కదులు. సగం దాటావు."

పోలి కదిలింది. గిట్ట నొప్పి అలాగే ఉంది. కానీ పడిపోవాలన్న ఆలోచన మాత్రం ఆ నీడలోనే ఉండిపోయింది.

పద్దెనిమిదో కోసులో కనుమ. రెండు బండల మధ్య ఒక్క జంతువు పట్టేంత సందు. అక్కడ బూచమ్మ నిలబడి ఉంది. ముఖం నిండా గీతలు, మూతి మీద నెత్తురు. కొమ్ములకు రేగుకంప వేలాడుతోంది.

"అత్తా! ఏమిటిది?"

"ఎవడో మహానుభావుడు దారికి అడ్డంగా కంప కొట్టిపోయాడు. దుప్పి దూకుతుంది, కుందేలు కింద నుంచి దూరుతుంది, పంది పొడుచుకుపోతుంది. నీకు దూకడం రాదుగా? వాళ్ళ కంటపడకుండా పక్కన ఆగి, దాటిపోయాక నువ్వొస్తావని పీకి పారేశా." బూచమ్మ తల విదిలించింది. "ముఖం చూస్తూ నిలబడ్డావేం? నేనేం పెళ్ళికూతుర్నా? పో! పోలేనన్నావో, ఇక్కడే పొడుస్తా."

పోలికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఊపిరి రెండింటికీ చాలక, పరుగెత్తింది.

చివరి ఏడు కోసులూ ఎలా పోయాయో పోలికి సరిగా గుర్తు లేదు. చెమట ఆరి ఉప్పయింది. చెవులు వాలిపోయాయి. పరుగు నడకకు తగ్గింది, మళ్ళీ పరుగయింది. ఒకసారి మోకాళ్ళ మీద పడింది. లేచింది. వీపు మీద ఏ మూటా లేదు. ఈ బరువంతా తనదే, తను ఎంచుకున్నదే.

చెలమ గట్టు మీద అందరూ పడమటి కొండవైపు చూస్తున్నారు. పొద్దు ఇంకా బెత్తెడు ఎత్తులో ఉంది. ఆ ఎర్రటి వెలుగులో కుంటుకుంటూ ఒక ఆకారం వచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరికంటే చివర వచ్చిన పోలి గీత దాటి, నాలుగు కాళ్ళ మీదే నిలబడింది.

"పొద్దు గుంకలేదు!" అని కాకి కనకం గొంతు చించుకుని అరిచింది.

సింగులయ్య నోరు తెరుచుకుని పోలిని చూస్తున్నాడు. "నువ్వు... నువ్వెలా వచ్చావు?"

"పరుగెత్తి."

"అబద్ధం! కనుమలో కంప దాటడం గాడిద వల్ల ఎక్కడవుతుంది? ఎవరో తీశారు! అది సాయం. ఇది ఓడిపోయినట్టే!"

 చుక్కల మావ మెల్లగా ముందుకొచ్చాడు. "కనుమలో కంప ఉన్నమాట నిజమే. నేను దూకి వచ్చా. గాలికి పడిందనుకుని ఎవరికీ చెప్పలేదు. పోలి కూడా ఆ మాటే ఎత్తలేదు. పొద్దుటినుంచీ నువ్వీ గట్టు దిగలేదు. మరి అక్కడ కంప ఉందని నీకెవరు చెప్పారు సింగులయ్యా?"

సింగులయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. 

"అదీ... ఎవరో అనుకుంటుంటే..."

"ఎవరు?" అంది ఒక కుందేలు.

"ఎప్పుడు?" అంది అడవిపంది.

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అన్నట్టు సింగులయ్య గబగబా పోలి దగ్గరకొచ్చాడు. "తల్లీ, ఇదంతా నీ బలం పరీక్షించడానికే. నువ్వు ఒంటరిగా ఎంత సాధించావు! నీ పేరు కొండంతా చాటిస్తా. ఈ ఒక్క మాట మాత్రం..."

"ఒంటరిగానా?" పోలి ఇంకా రొప్పుతోంది. "కొండకు ఆ పక్క ఒక ముసలెద్దు కాళ్ళీడ్చుకుంటూ నడిచొస్తున్నాడు. కనుమ నుంచి ఒక గేదె నెత్తుటి మూతితో వస్తోంది. చాటించాలంటే ముందు వాళ్ళ పేర్లు చాటించు. అవునయ్యా, సాయంతోనే వచ్చాను. నువ్వు వద్దన్నది వెంట పరుగెత్తడం, ఎదురు రావడం. వాళ్ళు నిలబడ్డారు. దాన్ని ఆపే కట్టుబాటు నీ దగ్గరుంటే చెప్పు."

 చుక్కల మావ సింగులయ్యను మళ్ళీ గట్టెక్కనివ్వలేదు. ఆ వేసవి నుంచి చెలమకు పెద్దన్నవాడు లేడు. పరుగెత్తినవాళ్ళూ పరుగెత్తనివాళ్ళూ తెల్లవారే వరసలో నిలబడి తాగారు. వరస చివర, అందరూ కదిలించిన నీళ్ళ దగ్గర, సింగులయ్య నిలబడేవాడు. ఆయన మాట్లాడుతూనే ఉండేవాడు గానీ వినేవాళ్ళు లేరు.

దూరం పరుగెత్తేది ఒకరి కాళ్ళే అయినా, ఆ కాళ్ళు పడిపోకుండా ఆపేది దారి పక్కన నిలబడ్డవాళ్ళే.