కుంటిదుప్పి కొట్టానికి కొత్త పేరు

అనగనగా వాగు పారే ఒక అడవి. ఆ వాగు పక్కన ఒక మిట్ట, మిట్ట మీద గడ్డి కప్పిన పెద్ద కొట్టం ఉండేవి. వాగు పొంగినప్పుడల్లా జంతువులన్నీ అందులో తలదాచుకునేవి. ఆ మిట్ట మీదికి నీళ్లు రావని మొదట కనిపెట్టింది ఒక కుంటి దుప్పి. అందుకే దాన్ని అందరూ కుంటిదుప్పి కొట్టం అనేవారు. అందులో అడుగుపెట్టాక ఎవరూ ఎవరినీ ముట్టుకోకూడదు. అది కట్టుబాటు.

వాగు ఒడ్డున బండ మీద తీతువు పిట్ట కావలి ఉండేది. దాని అమ్మ, అమ్మమ్మ కూడా ఆ బండ మీదే కావలి కాశారు. చిరుతపులి వేటకు వస్తుంటే తీతువు "చిరుతా! చిరుతా!" అని అరిచేది. వెంటనే కుందేళ్లు, ముంగిసలు బొరియల్లో దూరి కిక్కురుమనకుండా పడుకునేవి. వాగు పొంగుతుంటే "కుంటిదుప్పి కొట్టం!" అని అరిచేది. అప్పుడు అవే జంతువులు బొరియలు వదిలి మిట్టెక్కేవి.

ఒక ఏడాది వానలకు ముందు అడవి సభ కూడింది. సభకు పెద్ద చిరుతపులి. ఖర్చులు చూసేది నక్క. ఇంటింటా పోగుచేసిన తేనె కుండల్లో నింపి సభ మధ్యలో పెట్టారు. ఎవరికి ఏ కూలి ఇవ్వాలన్నా అందులోంచే.

ఎలుగుబంటి ముందు నోరు విప్పింది. "కొట్టం కప్పు కుళ్లిపోయింది. ముందు దాని పని చూడాలి."

"కప్పుకేం తొందర మామా?" అంది నక్క. "దొరవారి నాన్నగారు చిరుతరాయుడుగారు పోయి ఏడాది కావస్తోంది. ఇకమీదట ఆ కొట్టం పేరు చిరుతరాయ శరణాలయం."

చిరుతపులి మీసాలు నాక్కుంది. "నేనడగలేదు. మీరంతా ముచ్చటపడితే కాదనను."

"బతికున్నన్నాళ్లూ ఆయన ఆ గడప తొక్కలేదు కదయ్యా!" అంది ఎలుగుబంటి.

"అందుకే ఇప్పుడు తీసుకొస్తున్నాం," అంది నక్క. "టేకు పలక మీద పేరు చెక్కే వడ్రంగిపిట్టలకు సగం తేనె. పేరు పెట్టే రోజు విందుకు మిగతా సగం. సరిపోయింది."

"మరి అడవంతా చాటింపు వేసే చిలకల కూలి?" అంది ఎలుగుబంటి.

"చాటింపెందుకు? పలక మీద రాస్తున్నాంగా, చదువుకుంటారు."

తీతువు ఉండబట్టలేకపోయింది. "కుందేళ్లకు చదువెక్కడిది బావా?"

"లేకపోతే నేర్చుకోమను. ఇదిగో తీతువా, నీకూ చెబుతున్నా. రేపట్నుంచి నీ నోట కొత్త పేరే రావాలి. పాత పేరు వినబడిందా, ఆ బండ మీద కొంగను కూర్చోబెడతాం."

తీతువుకు గొంతు దాకా ఒక మాట వచ్చింది. చిరుత అన్న మాట చెవిన పడితే చిన్న జంతువులు బొరియల్లో దూరతాయి, మిట్ట ఎక్కవు అని చెప్పాలనుకుంది. అంతలో అమ్మ కూర్చున్న బండ గుర్తొచ్చింది. ఆ మాట మింగేసి తలూపింది.

పలక కట్టారు. విందు తిన్నారు. కప్పు అలాగే ఉండిపోయింది.

వానలు పట్టాయి. ఒకరోజు పొద్దున్నే వాగు ఎర్రగా పొంగి వచ్చింది. తీతువు గాల్లోకి లేచి, "చిరుతరాయ శరణాలయం!" అని అరిచింది.

ఒడ్డున మేస్తున్న చెవులమ్మ అనే కుందేలు ఉలిక్కిపడింది. "చిరుత! లోపలికి పదండర్రా!" అని ముగ్గురు పిల్లల్నీ బొరియలోకి తోసింది.

తీతువు రెండోసారి అరిచింది. ముంగిసలు దూరిపోయాయి. మూడోసారి ఇంకా గట్టిగా అరిచింది. ఒడ్డు మీద ఒక్క తోకైనా కనబడలేదు. నీళ్లు గట్టు దాటుతున్నాయి.

అప్పుడే చిరుతపులి భార్యనూ పిల్లనూ వెంటబెట్టుకుని తీతువు కిందుగా పరుగెడుతోంది.

"ఎక్కడికండీ?" అంది భార్య.

"ఇంకెక్కడికే, కుంటిదుప్పి కొట్టానికి! నడు నడు!"

తీతువు చెవుల్లో ఆ మాట పడింది. బండ పోతే పోయిందనుకుంది. బొరియల మీదుగా నేలకు ఆనుకుని ఎగురుతూ, "కుంటిదుప్పి కొట్టం! కుంటిదుప్పి కొట్టం!" అని గొంతు చించుకుంది.

నేలలోంచి తలలు బయటికొచ్చాయి. జంతువులన్నీ తడుస్తూ మిట్టెక్కాయి.

చెవులమ్మ వెంట ఇద్దరు పిల్లలే ఉన్నారు.

కొట్టంలో కప్పు ధారలుగా కారుతోంది. చెవులమ్మ తీతువు దగ్గరికొచ్చింది. కోప్పడలేదు. "చిరుత అన్నావు కదక్కా," అంది. "బుజ్జిదాన్ని అందరికంటే లోపలికి తోశాను. భద్రంగా ఉంటుందని."



నక్క మాత్రం ఊరుకోలేదు. "పాత పేరు అరిచావు. అందరూ విన్నారు. నీ కావలి తీసేస్తున్నాం."

"తియ్యి," అంది తీతువు. "మొదటి కేకకే తీయించుకోవాల్సింది. ఆ రోజు సభలోనే తీయించుకుని ఉంటే ఇంకా బాగుండేది."

అందరూ చిరుతపులి వైపు చూశారు. అది చెవులమ్మను చూసింది. చెవులమ్మ ఒళ్లో ఇద్దరు పిల్లలు వణుకుతున్నారు. సరిగ్గా వాళ్ల మీదే కప్పు కారుతోంది.

చిరుతపులి వాకిలి దగ్గరికి వెళ్లి, ఒక్క దూకులో టేకు పలకను పీకింది. దాన్ని నోట కరుచుకుని వాసాల మీదికెక్కి, ఆ చిల్లుకు అడ్డంగా వేసింది. పిల్లల మీద ధార ఆగింది.

"తీతువును బండ మీదే ఉండనివ్వండి," అంది దిగి వచ్చి. "కుంటిదుప్పి పేరే ఉండనివ్వండి."

నక్క ఏదో అనబోయింది. "నువ్వు గడ్డి కోసుకురా. కప్పు పని ఉంది," అంది ఎలుగుబంటి.

వాగు పొంగు తగ్గిన రోజు తీతువు మళ్లీ బండ మీదికి వెళ్లింది. ఇప్పటికీ ఎగరబోయే ముందు చెవులమ్మ బొరియ వైపు ఒకసారి చూస్తుంది.

నీతి: ఉన్న పని పోతుందన్న భయంతో తప్పు మాటకు తలూపితే, ఆ తప్పు ఏ పాపం ఎరుగని వాళ్ల మీద పడుతుంది.